ఒక దోమ కాదు, అయిదు దోమలు!

స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కితే సికింద్రాబాదు మరీ దూరం కాదు. ఆ ఊళ్లోనే 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఒక అనాఫిలిస్ దోమను కోసి, దాని పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశాడు. మలేరియాను మోసేది దోమ అని మీరు పాఠంలో చదివే ఉంటారు. అయితే, ఏ దోమ?

మన దేశపు పల్లెల్లో ముఖ్యమైనది అనాఫిలిస్ క్యూలిసిఫేసీస్. పంట కాలువల్లో, నీటి మడుగుల్లో గుడ్లు పెట్టి, పగలు పశువుల కొట్టంలో నక్కి ఉంటుంది. దీనితో ఒక చిక్కు వచ్చింది. కొన్నిచోట్ల ఈ దోమలు ముసురుతున్నా మలేరియా తక్కువ. మరికొన్నిచోట్ల ఇంటింటా జ్వరాలే! రెక్కలు, కాళ్లు ఎంత పరికించినా దోమకూ దోమకూ తేడా లేదు.

తేడా క్రోమోజోముల్లో దొరికింది. రక్తం తాగి గుడ్లు పెంచుకుంటున్న ఆడదోమ అండాశయంలో కొన్ని కణాల క్రోమోజోములు బాగా లావెక్కి ఉంటాయి. రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే కట్లపాము ఒంటిమీద ఉన్నట్టు అడ్డచారలు కనిపిస్తాయి. (అంత చిన్న అండాశయాన్ని సూదిమొనతో బయటికి తీసేవారి ఓపికకు దండం పెట్టాలి.) 1980లో గ్రీన్, మైల్స్ అనే శాస్త్రజ్ఞులు ఢిల్లీ ప్రాంతపు దోమలను ఇలా పరీక్షించారు. కొన్నిటి ఎక్స్ క్రోమోజోములో 'అ ఆ ఇ ఈ ఉ' అని ఉండవలసిన చారల వరుస 'అ ఈ ఇ ఆ ఉ' అన్నట్టు తిరగబడి ఉంది.

ఇంతమాత్రానికే వేరే జాతి అనవచ్చా? అనకూడదు. ఒకే జాతిలోనూ ఇలాంటివి ఉంటాయి. కాని ఆలోచించండి. ఆడదోమకు ఎక్స్ క్రోమోజోములు రెండు. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. రెండు రకాలూ జతకడుతుంటే, ఒక వరుస సూటిగా, మరొకటి తిరగబడి ఉన్న ఆడదోమలు దొరకాలి కదా! అలాంటివి కానరాలేదు. ఒకే చోట బతుకుతున్నా వాటి మధ్య పొత్తు లేదన్నమాట. వాటికి 'ఎ', 'బి' అని పేర్లు పెట్టారు. 1983లో ఢిల్లీలోని మలేరియా పరిశోధన కేంద్రంలో సరళా సుబ్బారావు, ఆమె సహచరులు 'సి'ని గుర్తించారు. తర్వాత 'డి' తేలింది.

వీటిలో 'బి' మలేరియాను అంతగా మోయలేదు. పశువుల రక్తమే దానికి ఇష్టం. అది మలిగినచోట భయం తక్కువనుకున్నారు. మరి రామేశ్వరం దీవిలో 'బి'లాంటి దోమలే ఉన్నా మలేరియా ఎందుకుంది? ఆడదోమల క్రోమోజోముల్లో జవాబు లేదు. మగదోమల వై క్రోమోజోము ఆకారం మాత్రం రెండు రకాలుగా ఉంది. 1999లో 'ఇ' జాతి బయటపడింది. మలేరియాను మోసేది అదే!

డి.ఎన్.ఎ. పరీక్ష వచ్చాక ఇలాంటి దాగిన జాతులు సముద్రంలోనూ దొరుకుతున్నాయి. హెర్మిసెండా అనే గుల్లలేని సముద్రపు నత్త ఒకే జాతి అనుకునేవారు. అది మూడు జాతులని 2016లో తేలింది. మన దోమకైతే ఆ పరీక్షకు ఒక్క కాలు చాలు. రక్తం తాగిన ఆడదోమే కావాలన్న పట్టింపు లేదు.