గో భాషలో కాలావధిని వ్రాయు విధము

"రైలు 90 ఆలస్యముగా వచ్చును" అని యెవరైన చెప్పినచో, వినువాడు "తొంబది యేమిటి?" అని తప్పక యడుగును. మన పంచాంగకర్తలును వట్టి అంకెను వ్రాసి విడువక ఘడియలనియు విఘడియలనియు వేఱుపఱచి వ్రాయుదురు. ఘడియ యనగా 24 నిమిషములు. విఘడియ యనగా 24 సెకండ్లు. మనుష్యునకు సందేహము కలిగినచో తిరిగి యడుగును, కంప్యూటరు అడుగదు. 1999లో అమెరికావారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌక అంగారకునియొద్ద నష్టమగుటకు కారణము, ఒక ప్రోగ్రాము పౌండు-సెకండ్లలో నిచ్చిన లెక్కను వేఱొకటి న్యూటను-సెకండ్లుగా గ్రహించుటయే. ఇట్టి చిక్కును గో అను ప్రోగ్రామింగు భాష కాలవిషయమున నెట్లు తీర్చినదో చూపుదుము.

ఈ భాషను గూగుల్ సంస్థలో రాబర్ట్ గ్రీసెమర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్ అను మువ్వురు రూపొందించిరి. 2009లో అది వెల్లడియైనది. అందు కాలావధికై డ్యూరేషన్ అను ప్రత్యేకజాతి కలదు. పైకి గంటలుగను నిమిషములుగను కనబడినను, లోపల నున్నది నానోసెకండ్ల లెక్కను దెలుపు ఒక్క పూర్ణసంఖ్యయే. నానోసెకండనగా సెకండులో వందకోట్లవ వంతు. ఆ సంఖ్యకు 64 బిట్ల చోటు మాత్రమే యుండుటచే సుమారు 292 సంవత్సరములకు మించిన కాలమందు ఇముడదు. పాఠశాల గంట కొట్టుటకు అది చాలును!

ఇక వ్రాయు విధము. 4530 సెకండ్లను దీసికొందము. 3600చే భాగింపగా 1 గంట, శేషము 930. దానిని 60చే భాగింపగా 15 నిమిషములు, శేషము 30 సెకండ్లు. క్రింది తరగతులవారు పలకపై చేయు లెక్కయే యిది. గో భాష గంటకు హెచ్, నిమిషమునకు ఎమ్, సెకండునకు ఎస్ అను అక్షరములను జేర్చి, నడుమ ఖాళీ విడువక "1హెచ్15ఎమ్30ఎస్" అని చూపును. మొదటి సున్నలను విడుచును గాని తుది సున్నలను విడువదు. సరిగా గంటయైనచో "1హెచ్0ఎమ్0ఎస్" అని వచ్చును. సెకండునకు లోబడినచో చిన్న మానమును తానే యెన్నుకొని, 1500 మైక్రోసెకండ్లను 1.5 మిల్లీసెకండ్లుగా వ్రాయును.

36 గంటలను మాత్రము ఒకటిన్నర దినమని వ్రాయదు. ఏలయన, వేసవికి గడియారములను ముందునకు ద్రిప్పు దేశములందు ఆ దినమునకు 23 గంటలే. మరల వెనుకకు ద్రిప్పునాడు 25. మన దేశమున నీ యాచారము లేదు గనుక బాలురకిది వింతగా తోచవచ్చును. దినమను మానమునే చేర్చకుండుట మెచ్చదగిన పని యని మా యభిప్రాయము.

అయినను ప్రమాదము పూర్తిగా తొలగలేదు. ప్రోగ్రామును కొంతసేపు ఆపుటకు స్లీప్ అను ఆజ్ఞ కలదు. పైతాన్ భాషలో దానికి 10 అని యిచ్చినచో 10 సెకండ్లు ఆగును. గో భాషలోనట్లే వ్రాసినచో భాష ఆక్షేపింపదు. 10 నానోసెకండ్లే ఆగుమనినట్లు గ్రహించును. పనిభారముచే బదులీయలేని సర్వరును పది సెకండ్లకొకమారు పిలువదలచినవాని ప్రోగ్రాము, ఊపిరి తిరుగనీయక తలుపు తట్టుచునే యుండును. 10ని సెకండ్ అను స్థిరాంకముచే గుణింపవలెను. ఇదివఱకే గుణించి యుంచుకొన్న 10 సెకండ్ల విలువను మరల గుణించినచో, లబ్ధము 64 బిట్లకు మించి ఋణసంఖ్యయై తేలును; అప్పుడు స్లీప్ క్షణమైన ఆగదు. అనుమానము కలిగినచోట విలువను ఒకమారు అచ్చొత్తించి చూచిన చాలును: 10 నానోసెకండ్లైనచో అంకె ప్రక్కనే ఎన్‌ఎస్ అను అక్షరములును, ఋణమైనచో ముందు ఋణచిహ్నమును కనబడును.