వెనకబడ్డవాడి వేగం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే శనివారం తెల్లవారుజామున మీరు ఐదుగురు స్నేహితులు బండ్లేసుకుని అనంతగిరి వైపు మట్టిబాటలు పడుతున్నారని తెలిసింది. వద్దనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. హైదరాబాద్‌కు ఇంత దగ్గరలో ఎర్రమట్టి గుట్టలు, మూసీ పుట్టే కొండలు, కోటపల్లి జలాశయం చుట్టుపక్కల డొంకదారులు ఉండగా, వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చునే కుర్రాళ్ళు అటు వెళ్ళకపోతేనే విడ్డూరం. నేను చెప్పదలచింది ఒక్కటే. ఐదుగురు కలిసి మట్టిలో బండ్లు నడిపేటప్పుడు ఎంత వేగంతో పోవాలి, ఏ దారిన పోవాలి, ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి అన్నవి మీలో అందరికన్నా నెమ్మదిగా నడిపేవాణ్ణి బట్టే తేలాలి. వాడి మీద జాలితో అంటున్న మాట కాదిది. లెక్క వేసి చూస్తే అలాగే తేలుతుంది. ఆ లెక్క నీ ముందు పెడుతున్నాను, తప్పుంటే వాదించు.

తారురోడ్డు మీద గుంపుగా పోవడానికీ మట్టిలో పోవడానికీ తేడా దుమ్ము దగ్గర మొదలవుతుంది. ముందు బండి లేపిన దుమ్ములో వెనకవాడికి గుంత కనబడదు, కాబట్టి ఎడం పాటించక తప్పదు. ఎడం పెరిగితే ముందువాడి అద్దంలో వెనకవాడు ఉండడు. చెలకల మధ్య బాట రెండుగా చీలిన చోట ఆ వెనకవాడు ఆగి, చక్రాల జాడలు చూసి, మీరు ఎటు పోయారో పోల్చుకుని కదిలేసరికి మీరు ఇంకో కిలోమీటరు పోయి ఉంటారు. ఇక వాడికి మిమ్మల్ని అందుకోవాలన్న ఆత్రం తప్ప మరో ధ్యాస ఉండదు. అంటే మీలో అనుభవం తక్కువున్నవాడే తన చేతికి మించిన వేగంతో, ఒంటరిగా, పడితే చూసే దిక్కు లేని చోట నడుపుతుంటాడు. విశ్రాంతి సంగతి ఇంకా అన్యాయం. ముందు చేరినవాళ్ళు చెట్టు కింద హెల్మెట్లు తీసి, నీళ్ళు తాగి, ఫొటోలు దిగుతారు. చివరివాడు రాగానే ‘వచ్చేశాడు, ఇక పదండి’ అంటారు. పొద్దుటి నుంచి ఇలాగే సాగితే మధ్యాహ్నానికి బాగా నడిపేవాళ్ళకు బోలెడంత విశ్రాంతి దొరికి ఉంటుంది, అది అందరికన్నా అవసరమైనవాడికి మాత్రం నిమిషం కూడా దక్కదు. మట్టిలో పడటానికి అలసట ఒక పెద్ద కారణం. చేతులు పట్టు తప్పుతాయి, కాళ్ళు ఫుట్‌రెస్టుల మీద నిలవవు, చూపు ముందున్న దారిని వదిలి చక్రం కిందికి జారుతుంది. మీ విరామం చివరివాడు స్టాండు వేసినప్పటి నుంచి మొదలవ్వాలనడం ఇందుకే.

వేగం లెక్క కూడా చూడు. బ్రేకు వేశాక బండి ఆగే దూరం వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే దూరం నాలుగు రెట్లవుతుంది. పొడి తారు మీద టైరుకు దొరికే పట్టులో సగం వదులు మొరం మీద దొరికితే గొప్పే. ఆ సగం పట్టే దొరికిందనుకుని, బ్రేకు మీద కాలు పడేలోపు ఒక సెకను పోయిందనుకుంటే, గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి దాదాపు 10 మీటర్లలో ఆగుతుంది. అదే 40లో అయితే 30 మీటర్లకు కాస్త అటూ ఇటూ పడుతుంది. గొర్రెల మంద మలుపు తిరిగి ఎదురైనప్పుడు ఆ 20 మీటర్ల తేడా ఎవరిదో ఒకరి కాలు విరగ్గొడుతుంది, లేదా ఒక కాపరి బతుకుతెరువు మీద దెబ్బ కొడుతుంది. ఏబీఎస్ ఉంది కదా అంటావేమో. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ అది తప్పనిసరి, తారు మీద ఎందరి ప్రాణాలనో కాపాడుతుంది కూడా. కానీ వదులు మట్టిలో చక్రం కాస్త బిగుసుకుని నేలలో దిగబడితేనే బండి తొందరగా ఆగుతుంది. బిగుసుకోనివ్వకపోవడమే ఏబీఎస్ పని కాబట్టి అక్కడ ఆగే దూరం పెరుగుతుంది. కొన్ని బండ్లలో వెనక చక్రానికి దాన్ని ఆపేసే మీట పెట్టింది ఇందుకే. ఆ మీటను ఎక్కడ నొక్కాలో, తారెక్కగానే మళ్ళీ ఎలా పని చేయించాలో అలవాటున్నవాడికే తెలుసు. అంటే ఇక్కడా మళ్ళీ కొత్తవాడి దగ్గరికే వచ్చాం.

నేల కూడా ఒక్క తీరుగా ఉండదు. వికారాబాద్ గుట్టల మీది ఎర్రమట్టి ఎండలో గట్టిగా ఉండి, నాలుగు చినుకులు పడగానే సబ్బు పూసినట్టు జారుతుంది. తాండూరు వైపు దిగితే నల్లరేగడి. తడిసిందంటే టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య కూరుకుపోయి చక్రాన్నే తిరగనివ్వదు. హిమాలయన్ బండి అయితే దాదాపు 200 కిలోలు, ఎక్స్‌పల్స్ బండి అయితే 160 దాకా తూగుతుంది. వాలులో పడిన అంత బరువును ఒక్కడే లేపడం ఎంత పనో రెండోసారి లేపేటప్పుడు తెలుస్తుంది. మూడోసారికి నడిపే ఓపిక మిగలదు. ఇద్దరు పట్టుకుంటే అరనిమిషంలో లేస్తుంది. ఆ రెండోవాడు పిలిస్తే పలికే దూరంలో ఉన్నాడా లేదా అన్నదే అసలు ప్రశ్న.

దెబ్బ తగిలినప్పుడైతే ఈ ప్రశ్న ఇంకా పెద్దదవుతుంది. 108 అంబులెన్సులు 2005 నుంచి మన దగ్గర తిరుగుతున్నాయి, పల్లెల్లో ఎందరినో బతికించాయి. కానీ అది రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. గుట్టల మధ్య ఫోన్‌కు సిగ్నల్ లేకపోతే ఒకడు దెబ్బ తగిలినవాడి దగ్గర ఉండాలి, మరొకడు సిగ్నల్ దొరికే దాకా పోవాలి, ఇంకొకడు అంబులెన్సు ఆగే చోట నిలబడి దారి చూపించాలి. మీరు ఐదుగురు ఒకచోట ఉంటే ఈ పనులన్నిటికీ మనుషులు సరిపోతారు. నలుగురు ముందుకు పోయి ఐదోవాడు ఒర్రెలో పడి ఉంటే అక్కడ ఉన్నది ఒంటరి మనిషే. గుంపుగా వెళ్తున్నాం కాబట్టి భయం లేదని ఇంట్లో చెబుతున్నావు చూడు, ఆ మాట నిజమయ్యేది మీరు గుంపుగా ఉన్నంతసేపే. అన్నట్టు, పడినవాణ్ణి చేయి పట్టి గుంజి లేపకండి. బండిని పక్కకు తీయండి గానీ, మెడ, వెన్ను సరిగా ఉన్నాయో లేదో వాడు చెప్పేదాకా మనిషిని మాత్రం కదపకండి.

ఇప్పుడు నువ్వు అడగబోయేది నాకు తెలుసు. ఇసుకలో, బురదలో నెమ్మదిగా పోతేనే కదా పడేది, ఊపు ఉండాలి కదా అని. నిజమే. వాగు ఇసుకలో యాక్సిలరేటర్ వదిలేస్తే ముందు చక్రం దిగబడి హ్యాండిల్ మెలి తిరుగుతుంది. బరువు కాస్త వెనక్కి వేసి, ఒకే తీరుగా తిప్పి ఉంచాలి. అయితే నేను నెమ్మదివాణ్ణి బట్టి పొమ్మన్నానే గానీ ప్రతి చోటా నెమ్మదిగా పొమ్మనలేదు. వాగు దగ్గర అందరూ ఆగి, ముందు నడిచి చూసి, ఒక్కొక్కరే దాటితే కావలసినంత ఊపుతోనే దాటొచ్చు. దిగబడితే నెట్టడానికి ఒడ్డున నలుగురుంటారు. ఆ ఊపు వాగు దాటే ముప్ఫై గజాలకే. దాన్ని దారి పొడుగునా సాగదీయడానికి ఇసుకను సాకుగా చూపడం ఒప్పుకోను.

వేగం లేకపోతే సరదా ఏముందనే మాట కూడా వస్తుంది. మోటారుసైకిల్ ఆటల్లో ట్రయల్స్ అని ఒకటుంది. రాళ్ళు, దుంగలు, నిట్టనిలువు గట్లు ఉన్న చిన్న చిన్న భాగాలను కాలు కింద పెట్టకుండా దాటడమే అందులో పోటీ. ఒకసారి కాలు మోపితే ఒక తప్పు పాయింటు, రెండుసార్లకు రెండు, మూడుసార్లు ఆపైన మూడు, దాటలేకపోతే ఐదు. కాలపరిమితి ఉంటుంది గానీ తొందరగా దాటినవాడికి బహుమతేమీ లేదు. స్పెయిన్‌కు చెందిన టోనీ బౌ 2007 నుంచి ఏటేటా ప్రపంచ విజేతగా నిలుస్తున్నది ఈ ఆటలోనే. నడిచే మనిషి వేగంతో బండిని నిలబెట్టడం, సగం క్లచ్ మీద, వెనక బ్రేకు మీద వేళ్ళతో, పాదంతో దాన్ని ఆడించడం నేర్చుకున్నవాడు ఏ దారిలోనైనా బతుకుతాడు. ఆ విద్య లేకుండా యాక్సిలరేటర్ తిప్పడం ఒక్కటే తెలిసినవాడికి చదునైన బాట ఉన్నంతవరకే దర్జా. మీలో బాగా నడిపేవాడికి విసుగు పుడితే, విరామంలో ఎదురుగా ఉన్న రాతి గట్టును కాలు మోపకుండా ఎక్కి చూపించమను. మిగతావాళ్ళు చూసి నేర్చుకుంటారు, వాడి సత్తా ఏమిటో కూడా అక్కడే తేలుతుంది.

పందెమే కావాలంటే పందేల్లోనే పెద్దది చూద్దాం. డాకర్ ర్యాలీలో గెలుపోటములు సెకన్ల మీద తేలతాయి. 2020 జనవరి 12న సౌదీ ఎడారిలో హీరో జట్టు తరఫున నడుపుతున్న పౌలో గొన్సాల్వెస్ పడిపోయినప్పుడు ముందుగా ఆగినవాడు టోబీ ప్రైస్. అతను అప్పటికే డాకర్ గెలిచినవాడు, ఆ ఏడూ గెలవాలనే వచ్చినవాడు. అయినా బండి పడేసి సాయానికి కూర్చున్నాడు. గొన్సాల్వెస్ దక్కలేదు. సాయానికి ఆగినవాళ్ళు పోగొట్టుకున్న సమయాన్ని తిరిగి కలపడం ఆ పోటీ నిబంధన, ప్రైస్‌కూ అలాగే కలిపారు. మరుసటి ఏడు మన సి.ఎస్. సంతోష్ అదే ఎడారిలో నాలుగో అంచెలో పడి తలకు దెబ్బ తగిలించుకుంటే, వైద్యులు అతన్ని మందులతో కోమాలో ఉంచాల్సి వచ్చింది. 2015లో డాకర్ పూర్తి చేసిన తొలి భారతీయుడతను. అంత చేయి తిరిగినవాడు, వైద్యులూ హెలికాప్టర్లూ వెంట ఉన్న పోటీలో పడ్డాడంటే, ఏ ఏర్పాటూ లేని మీ శనివారం షికారులో ఎవరు ఎవరికోసం ఆగాలో ముందే రాసుకోవడం పిరికితనం కాదు. పైగా ఆగితే మీకు పోయేదేముంది? మీ చేతిలో ఉన్నది రోజంతా, ఎవరూ గడియారం పట్టుకుని చూడటం లేదు.

‘అంత నెమ్మదిగా నడిపేవాడు రావడమెందుకు, వాణ్ణి వదిలేసి మేం నలుగురమే పోతాం’ అనొచ్చు. పొండి. కానీ ఆ నలుగురిలోనూ ఒకడు నాలుగోవాడవుతాడు. అదీ కాక నెమ్మదివాడనేవాడు రోజంతా ఒకే మనిషి కాదు. రాళ్ళలో దూసుకుపోయేవాడు బురదలో తడబడతాడు. ఎక్స్‌పల్స్ మీద హాయిగా ఎక్కిన గట్టు 200 కిలోల బండి మీద ఎక్కేవాడికి యుద్ధమవుతుంది. పొద్దున్న ముందున్నవాడికే మధ్యాహ్నం క్లచ్ లివర్ విరగొచ్చు, టైరు పంక్చర్ కావచ్చు. ఈ నియమం ఒక మనిషికి మీరు పెట్టే భిక్ష అనుకుంటే చిరాకొస్తుంది, ఎవరి వంతు ఎప్పుడొస్తుందో తెలియదనుకుంటే రాదు. నాకు ఎక్కువ భయం ఆ నెమ్మదివాడు నోరు విప్పడేమోనని. మన మగపిల్లల్లో ‘నాకు చేతకావడం లేదు, వెనక్కి పోదాం’ అనే మాట గొంతు దాటి రాదు. హెల్మెట్‌కు కెమెరా బిగించుకున్న నాడైతే అసలే రాదు. అందుకని ఆ మాట అడిగే భారం వాడి మీద పెట్టకూడదు. ప్రతి విరామంలోనూ ముందు వాణ్ణే అడగాలి, ‘ఇంకో గుట్ట ఎక్కుదామా, చాలా?’ అని. ‘చాలు’ అంటే ఎగతాళి లేకుండా బండ్లు తిప్పాలి.

ఆచరణలో ఇదేమంత కష్టం కాదు. మీలో బాగా నడిపే ఇద్దరిలో ఒకడు అందరికన్నా వెనక రావాలి, పంపు, ట్యూబులు, పానాలు వాడి దగ్గరే ఉండాలి. చీలిక వచ్చిన ప్రతిచోటా ముందువాడి తర్వాత వస్తున్నవాడు ఆగి, ఆ చివరివాడు కనిపించేదాకా కదలకూడదు. టైర్లలో గాలి తగ్గిస్తే మట్టిలో పట్టు పెరుగుతుంది గానీ ట్యూబు టైరులో మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి చిరుగుతుంది, చూసుకోండి. మంచి హెల్మెట్, మోకాలి కవచాలు, చీలమండ దాటే బూట్లు అన్నవి నీకు చెప్పాల్సిన పని లేదు. దారి విషయంలో ఫోన్‌లోని పటాన్ని గుడ్డిగా నమ్మకండి. అక్కడ గీత కనిపించినంత మాత్రాన అది అందరి దారీ కాదు. రిజర్వ్ ఫారెస్టు లోపలికి అనుమతి లేకుండా పోవడం నేరం. ఒకప్పుడు బండ్లవాళ్ళు తిరిగిన పూడూరు దగ్గరి దామగుండంలో నౌకాదళం రేడియో కేంద్రానికి 2024లో శంకుస్థాపన జరిగింది, కాబట్టి అటు వద్దు. కందిచేల మధ్య గట్లు కూడా దారులు కావు, రైతు కట్టుకున్నవి. ఎలాగూ నెమ్మదిగా పోతారు కాబట్టి ఎదురైనవాళ్ళను అడిగి పోవడానికి తీరిక ఉంటుంది.

తిరుగుముఖం పట్టే గంటను మాత్రం ఇంటి దగ్గరే రాసుకోండి. చలికాలం ఆరులోపే పొద్దు గూకుతుంది, గుట్టల నీడలో ఇంకా ముందే. మూడింటికి ఎక్కడున్నా తారురోడ్డు వైపు తిరగాలని నా సూచన, ఇంకా ముందే అని మీలో ఎవరైనా అంటే అదే ఖాయం చేయండి. ఏ దారిన పోతున్నారో, వెనకాల వచ్చేది ఎవరో శుక్రవారం రాత్రికల్లా అక్కయ్యకు చెప్పి, నాకో మెసేజ్ పెట్టు.

ఇట్లు,
నీ మామయ్య