పర్వతమనగా శ్రీగిరియే

శ్రీశైలము, శ్రీపర్వతము, శ్రీగిరి, శ్రీనగము - ఈ పేర్లన్నియు ఒక్క కొండవే. శైల, పర్వత, గిరి, నగ శబ్దములు పర్యాయపదములు గనుక కవులు ఛందస్సున కనుకూలించిన దానిని గ్రహించిరి. శివభక్తులకు 'శ్రీ' సయితము అక్కరలేకపోయెను. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రమునందలి ఐదు ప్రకరణములలో కడపటిది పర్వతప్రకరణము. ఏ పర్వతమని వివరింపవలసిన పని ఆయనకు లేదు.

ఇంతటి ప్రసిద్ధి గలది గనుక ఇది మిక్కిలి ఉన్నతమైన కొండ యని తలంపరాదు. నల్లమలలోని ఈ గిరిపై మల్లికార్జునాలయము సముద్రమట్టమునకు సుమారు 1,500 అడుగుల యెత్తున నున్నది. శిఖరేశ్వరము 2,800 అడుగులకు కొంచెము మించును. హిమవంతముతో పోల్చిన ఇది గుట్ట యనవచ్చును. దీనికి గాంభీర్యము నిచ్చినది కృష్ణానది. కొండలను కోసికొని అగాధమైన లోయలో పాఱుటచేతనే ఆ నదికి ఇచ్చట పాతాళగంగ యను పేరు సార్థకమైనది. శ్రీశైల జలాశయము పూర్తిగా నిండినప్పుడు నీటిమట్టము 885 అడుగులు. అప్పుడును ఆలయము నీటికి ఆఱువందల అడుగుల పైననే యుండును. ఆనకట్టకు పూర్వము నీటికై ఎంత లోతునకు దిగవలసి యుండెనో ఊహించుకొనవచ్చును. రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీపర్వతమునకు సోపానములు కట్టించెనని ప్రసిద్ధి. అది యాత్రికుల కాళ్ళ నొప్పి యెఱిగినవాని దానము.

శిలాదుని కుమారుడైన పర్వతుడు తపముచేసి, శివుని మోయుటకై తానే కొండయయ్యెనని స్థలపురాణము. చరిత్ర వేఱొక మాట చెప్పును. క్రీ.శ. మూడవ శతాబ్దినాటి నాగార్జునకొండ ప్రాకృత శాసనములలో విజయపురి చెంతనున్న కొండకును 'సిరిపవత' మని పేరు కలదు. ఇది మన క్షేత్రమునకు విరోధమని కొందఱు కలత చెందుదురు. నిజమునకు ఆ కొండయు నల్లమల శ్రేణిలోనిదే. ఒకప్పుడు శ్రేణి కంతటికి చెల్లిన పేరు క్రమముగా మల్లికార్జునుని నెలవునందు నిలిచెననుట యుక్తము. శాసనమున ఆ పేరు కనబడిన చోటనెల్ల ఈ ఆలయమునే వెదకుట పొరపాటు.

శరణులకు ఈ నది వేఱొక కారణమున ఆప్తమైనది. బసవేశ్వరుడు లింగైక్యమందిన కూడలసంగమము కృష్ణా మలప్రభల కూడలి. కల్యాణమున బసవని దర్శింపగోరి బయలుదేరిన మల్లికార్జున పండితారాధ్యుడు త్రోవలో ఆ వార్త విని, దుఃఖించి, శ్రీపర్వతమునకు మరలెను. సంగమమున మలప్రభను, పిమ్మట భీమను, తుంగభద్రను కలుపుకొనిన కృష్ణయే ఆ పర్వతపాదమున ప్రవహించుచున్నది.