వాన వెలిసిందని వాగు దాటకు

హుజూరాబాద్

చిరంజీవి చిన్నోనికి పెద్దబాపు ఆశీస్సులు.

నువ్వు మీ అమ్మకు ఫోన్‌ల "వానకు ఆగినం, పొద్దున వచ్చినం" అని రెండు ముక్కల్ల ముగించినవు. పరకాల దిక్కు నుంచి వచ్చినాయన చెప్పిన ముచ్చట వేరే ఉన్నది. రామప్ప చూసి వస్తున్న మీరు నలుగురు, వాన తగ్గంగనే లోలెవల్ వంతెన మీదికి బండి దించిన్రట. ఊరాయన ఎవరో కేకేసి వెనుకకు గుంజిండట. ముందుగాల దిగిన బండి నీదా, నీ దోస్తుదా అని నేను అడుగ. ఏదైనా నాకు నిద్ర పట్టలేదు.

దోస్తులతోని తిరగొద్దని రాస్తలేను బిడ్డా. ఈ వయసుల తిరగకుంటే ఎప్పుడు తిరుగుతవు? రామప్ప గుడిని 2021ల యునెస్కో ప్రపంచ వారసత్వంల చేర్చిన నాడు కనవడ్డోళ్లందరికీ చెప్పుకుంట తిరిగినోణ్ని నేను. కని 1213ల ఆ గుడి కట్టించిన రేచర్ల రుద్రుడే పక్కన అంత పెద్ద చెరువు కట్టించిండు. గుడి చూసినోడు చెరువు సంగతి గూడ తెలుసుకోవాలె.

వాన వెలిసిందని వాగు దాటకు. నేను చెప్పేది ఇదొక్కటే, ఎన్నిసార్లయినా చెప్త. వాగుల వచ్చేది నీ నెత్తి మీద కురిసిన వాన గాదు. మన దిక్కు చెరువులు గొలుసుకట్టు. మీది చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువులకు, అది నిండితే ఇంకో దాంట్లకు, ఆఖరుకు వాగులకు. ఎక్కడో పొద్దుమూకి పడ్డ వాన అర్ధరాత్రికి నీ కాళ్ల కాడికి వస్తది. అప్పటికి నీకు మీద చుక్కలు కనవడుతయి. నడుమ ఒక కట్ట తెగిందనుకో, నీళ్లన్నీ ఒక్కసారే కింది చెరువు మీద పడి దాని కట్ట గూడ తెంపుతయి. మీ తాత నీరటిగ చేసిన రోజులల్ల, వాన ఆగినంకనే గొంగడి కప్పుకొని, లాంతరు పట్టుకొని కట్ట మీదికి పోతుండె. "ఇప్పుడెందుకయ్యా" అని మా అమ్మ కోపం చేసినా ఇనకపోతుండె.

మేం పోరగాండ్లం ఉన్నప్పుడు సైకిళ్ల మీద జమ్మికుంటకు సెకండ్ షోకు పోయినం. సినిమా నడుస్తుంటే రేకుల మీద వాన చప్పుడుకు మాటలే ఇనవడలేదు. ఆట ఇడిచేసరికి వాన వెలిసి తెల్లటి వెన్నెల. తొవ్వ పొడుగూత పాటలు పాడుకుంట వచ్చినం. వాగు కాడ పిక్కల దాక నీళ్లు. ఒకడు సైకిలు నెత్తిన పెట్టుకొని దిగుతనన్నడు. నాకు మా నాయిన యాదికొచ్చి వాని అంగి పట్టుకొని ఇడువలేదు. నన్ను నోటికొచ్చినట్టు తిట్టిండు. అందరం ఒక మోటరు కొట్టంల కూసున్నం. కొద్దిసేపటికే ఒడ్డు మీది తుమ్మచెట్టు సగం మునిగింది. మీద ఒక్క చినుకు లేదు. మీది ఊరి కుంట తెగిందని తెల్లారినంక తెలిసింది. తిట్టినోడు ఇప్పటికీ దసరా నాడు జమ్మి పట్టుకొని ముందుగాల మా ఇంటికే వస్తడు.

అది పాతకాలం ముచ్చట అనకు. 2023 జూలై 26న ములుగు జిల్లాల ముత్యాలధార జలపాతం చూడబోయిన దాదాపు 80 మంది తిరిగి వచ్చేసరికి వాగు పొంగి తొవ్వ మూసుకపోయింది. వాగుల దిగొద్దని పోలీసులు ఫోన్‌ల చెప్తే ఇన్నరు, అడవిలనే ఆగిన్రు. రాత్రి ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు పోయి వాళ్లను క్షేమంగ ఇవతలికి తెచ్చిన్రు. నువ్వు చూసొచ్చిన రామప్ప ఉన్న మండలంలనే, లక్ష్మీదేవిపేటల, తెల్లారేసరికి 24 గంటలల్ల 64.98 సెంటీమీటర్ల వాన లెక్కకొచ్చింది. తెలంగాణల అంత వాన ఎన్నడూ నమోదు కాలేదు. ఆ పొద్దుననే మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. జనం ఇండ్ల మీదికెక్కితే హెలికాప్టర్లు రావలసి వచ్చింది. కొందరు దక్కలేదు.

ఉరికే నీళ్లు అరడుగు ఉంటే చాలు, పెద్దమనిషి కాళ్లు తప్పుతయి. రెండడుగులయితే కారును గూడ కొట్టుకపోతయి. బండి లైటు నీళ్ల మీదనే మెరుస్తది, అడుగుకు పోదు. ఎర్రనీళ్ల కింద తారు రోడ్డు ఉన్నదో, కోసుకపోయిందో ఎట్ల కనవడుతది? ముందు లారీ పోయింది గదా అని దాని వెనుక పోకు. లారీ బరువు వేరు, నీ బండి బరువు వేరు.

ఆ రాత్రంత తడిసినవు, మర్చిపోయిన, వాము నీళ్లు తాగుతున్నవా? చిన్నప్పుడు ముసురు పడితే నీకు ఆయాసం వచ్చేది. మీ పెద్దమ్మ నిన్ను రాత్రంత ఛాతి మీద పండుకోబెట్టుకునేది. ఇయ్యాల గూడ మబ్బు పట్టంగనే నీ పేరే తీస్తున్నది.

ఇంకోసారి అట్ల వాన పట్టుకుంటే బండి మలుపుకొని దగ్గర ఉన్న ఊర్లకు పో. బడి వరండా ఉంటది, గుడి ఉంటది, లేకుంటే ఎవరి తలుపన్నా కొట్టు. మన దిక్కు పిల్లలు తడిసి వస్తే ఇంత అన్నం పెట్టనోళ్లు లేరు. ఉరుములు ఉంటే చెట్టు కింద మాత్రం నిలవడకు. ఆపదైతే 112కు ఫోన్ చెయ్యి. ఇంటికి ఆగినమని చెప్తే సరిపోదు, ఎక్కడ ఆగిన్రో చెప్పు, ఊరి పేరుతోని. ఆగినోణ్ని పిరికోడంటే అననీ.

ఆదివారం దోస్తులందరినీ తోలుకొని రా, మీ పెద్దమ్మ మక్క గారెలు చేస్తనన్నది. పొద్దుండంగనే రాండ్రి. వచ్చినంక నలుగురూ నాకు ఒక్క మాట ఇయ్యాలె: ఈ వానకాలం పోయేదాక, నీళ్లు పారే తొవ్వ మీదికి బండి దించమని.

మీ పెద్దబాపు