జంతుశాస్త్రం, జీవసాంకేతిక శాస్త్రం: ఒక పరిశీలన

ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్ర విభాగాన్ని ఎన్నుకొన్న విద్యార్థులలో అధిక సంఖ్యాకుల దృష్టి వైద్య కళాశాల ప్రవేశం మీదనే ఉంటుంది. అది లభించనివారు డిగ్రీలో చేరి, జంతుశాస్త్రాన్ని విధిలేక చదువుతున్న పాఠ్యాంశంగాను, జీవసాంకేతిక శాస్త్రాన్ని భవిష్యత్తు గల విద్యగాను భావించడం మేము తరచుగా గమనిస్తున్నాము. ఈ రెండింటినీ ఒకే వర్గంలో చదివే అవకాశం పెక్కు కళాశాలలలో ఉన్నప్పటికీ, ఒకటి పాతది, మరొకటి కొత్తది అనే విభజన మనస్సులో స్థిరపడిపోయినది. వానపాము ఖండితాలను లెక్కించడం, బొద్దింక ముఖభాగాలను చిత్రించడం పాత పని, డి.ఎన్.ఏ.ను కత్తిరించి అతికించడం కొత్త పని! ఈ విభజన సరియైనది కాదని మా అభిప్రాయం. కొత్త పనిముట్లలో కొన్ని పాత పరిశీలనలోనుండియే పుట్టినవి. ఉదాహరణల కొరకు దూరం పోనవసరం లేదు. జంటనగరాలే చాలును.

మొదట సికిందరాబాదు సంగతి. మలేరియా దోమల ద్వారా వ్యాపిస్తుందని నిరూపించుటకు రోనాల్డ్ రాస్ 1895 నుండి భారతదేశంలో శ్రమించినారు. రోగుల రక్తం త్రాగిన దోమలను ఎన్నింటినో కోసి చూచినారు. ఫలితం శూన్యం. లోపం సూక్ష్మదర్శినిలో లేదు, దోమలోనే ఉన్నది. ఆయనకు చిక్కినవి ఎక్కువగా క్యూలెక్స్, ఏడిస్ దోమలు. మానవుని మలేరియా పరాన్నజీవి వాటిలో పెరగదు. దోమల జాతిభేదాలను గురించి ఆయనకు నాటికి తెలిసినది స్వల్పం. 1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు, అనగా అనాఫిలిస్, ఆయనకు లభించినవి. హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన ఆ దోమలలో ఒకదాని జీర్ణాశయపు గోడలో, ఆగస్టు 20వ తేదీన, నల్లని వర్ణకంతో కూడిన కణాలు కనిపించినవి. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చినది. హుస్సేన్ ఖాన్‌కు కాటుకొక అణా చొప్పున ముట్టినది! ఆ పేరును కూడ రాస్ పేరు ప్రక్కన గుర్తుంచుకొనడం న్యాయమని మేము తలంచుచున్నాము.

రెండవ ఉదాహరణ ఇంకను ఆసక్తికరమైనది. ఇది పాము కథ. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో 1947లో జన్మించిన లాల్జీ సింగ్, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల క్రోమోజోముల మీద పరిశోధన చేసినారు. పాములే ఎందుకు? మానవులలో పురుషునికి ఎక్స్, వై అనే రెండు భిన్నమైన లింగ క్రోమోజోములుంటవి. పెక్కు పాములలో స్థితి తారుమారు: ఆడ పాముకే జెడ్, డబ్ల్యు అనే భిన్న క్రోమోజోములు. కొండచిలువ వంటి వాటిలో లింగ క్రోమోజోములు రెండును చూపునకు ఒకే తీరుగా ఉంటవి. నాగుపాము, కట్లపాముల వంటి వాటిలో స్పష్టంగా వేరైపోయినవి. కనుక లింగ క్రోమోజోములు క్రమంగా ఎట్లు వేరుపడినవో తెలిసికొనుటకు పాములు మెట్లమెట్లుగా సాక్ష్యం ఇచ్చును. దీనివలన ప్రయోజనమేమని నాడు ఎవరైనా అడిగియుంటే చెప్పదగిన సమాధానం లేదు.

తరువాత ఎడింబరోలో ఆయన, కెన్నెత్ జోన్స్‌తో కలిసి, పసుపు నలుపు పట్టీలు గల ఒక కట్లపాము జాతిలోని ఆడ పాము నుండి డి.ఎన్.ఏ.లోని ఒక చిన్న అంశను వేరుచేసినారు. దానికి ‘బి.కె.ఎం.’ అని పేరు. ఇందులో ‘కె’ అనగా క్రైట్. ఆ ఆంగ్లపదం మన హిందుస్తానీ ‘కరైత్’ నుండి పోయినదే. ఆ అంశలో జి, ఎ, టి, ఎ అనే నాలుగక్షరాల వరుస మరల మరల వచ్చును. ఈ వరుస పాములకే పరిమితం కాక ఎలుకలలోను, మానవులలోను ఉన్నదని తేలినది. ఎన్ని పర్యాయాలు వచ్చునో ఆ సంఖ్య మాత్రం మనిషి మనిషికి మారుచుండును.

ఇంగ్లండులోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ 1984లో డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని కనుగొనియున్నారు. 1987లో హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునకు వచ్చిన లాల్జీ సింగ్, మరుసటి సంవత్సరమే బి.కె.ఎం.ను మానవుల గుర్తింపునకు శోధకంగా మలచినారు. పద్ధతి ఇట్టిది. రక్తం నుండి డి.ఎన్.ఏ.ను తీసి, ఎంజైముతో ముక్కలు చేసి, జిగురు వంటి జెల్ ఫలకంలో విద్యుత్తును ప్రసరింపజేయుదురు. చిన్న ముక్కలు వేగంగాను, పెద్దవి నెమ్మదిగాను సాగును. వాటిని ఒక పొర మీదికి దించి, రేడియోధార్మిక శోధకాన్ని కలిపినచో అది తన జోడు వరుస ఉన్న చోటనే అంటుకొనును. ఎక్స్‌రే ఫిల్ము మీద అక్కడ నల్లని పట్టీలు పడును. బిడ్డలోని ప్రతి పట్టీ తల్లిలోనో తండ్రిలోనో కనిపించవలెను. సమరూప కవలలను మినహాయించి, ఇద్దరు వ్యక్తుల పట్టీలు పూర్తిగా ఒక్కటి కావు. బిడ్డ తండ్రి ఎవరనే వివాదాలలో సాక్షుల మాటకు మించిన ఆధారం న్యాయస్థానాలకు ఈ విధంగా లభించినది. పాముల లింగ నిర్ణయానికి, కోర్టు తీర్పునకు సంబంధం ఉండగలదని ఎవరూహించగలరు?

నేడు యంత్రాలు మారినవి, డి.ఎన్.ఏ. అక్షరాలను స్వల్పకాలంలోనే చదువుచున్నవి. అట్లయిన జంతుశాస్త్రజ్ఞునితో పని తీరినదా? ఇక్కడనే పలువురు పొరబడుచున్నారు. వేటగాని వద్ద పట్టుబడిన మాంసం ఏ జంతువుదో తేల్చుటకు హైదరాబాదులోనే, అత్తాపూర్‌లోని అంతరించిపోతున్న జీవుల పరిరక్షణ ప్రయోగశాల సైటోక్రోమ్-బి అనే జన్యువును పరీక్షించును. వచ్చిన అక్షరాల వరుసను ముందే తెలిసిన జాతుల వరుసలతో సరిపోల్చవలెను. ఆ ‘ముందే తెలిసిన’ జంతువును చర్మం, పన్ను, కొమ్ము, పొలుసు చూచి, ఇది ఫలానా జాతి అని ఎవరో ఒకరు నిర్ణయించియుండవలెను. ఆ నిర్ణయం తప్పయినచో యంత్రం ఆ తప్పునే అతి కచ్చితంగా తిరిగి చెప్పును.

జంతు విచ్ఛేదనాన్ని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2014లో నిషేధించినది. అది మంచిదే. కాని దానితోపాటు జంతువును చూచే అలవాటు కూడ పోయినచో నష్టం పెద్దది. ఉర్దూ మాధ్యమంలో ‘హైవానియాత్’ చదివివచ్చినవారు గాని, తెలుగులో చదివినవారు గాని, ఆంగ్ల పదాల బరువుకు జంకి పుస్తకాన్ని కంఠస్థం చేయుచున్నారు. ముందు జీవిని చూచి, ఇంటిభాషలో దానిని వర్ణించుకొని, పిదప శాస్త్రీయ నామాన్ని చేర్చుకొన్నచో ఆ బరువు సగం తగ్గును.

వానకాలంలో నిలిచిన నీటి నుండి ఒక గాజుగ్లాసెడు తెచ్చి కదల్చక ఉంచండి. నీటి ఉపరితలానికి సమాంతరంగా పరుండిన లార్వా అనాఫిలిస్. తల క్రిందుగా ఏటవాలుగా వ్రేలాడునది క్యూలెక్స్ కావచ్చును, ఏడిస్ కావచ్చును. ఈ రెండింటిని వేరుపరచుటకు వాటి శ్వాసనాళపు పొడవును చేతికటకంతో చూడవలెను. క్యూలెక్స్‌లో అది సన్నగా పొడవుగాను, ఏడిస్‌లో పొట్టిగాను ఉండును.