ఒంటికి ధర కట్టేదెవరు?

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రత్తిపాడు నుంచి చిలకలూరిపేట దాకా ఏ మిరప చేను చూసినా, ఆడకూలీలు చీర మీద మగవాళ్ళ ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, తలకీ ముఖానికీ గుడ్డ చుట్టుకుని కాయ కోస్తూ కనిపిస్తారు. ఆ చొక్కా ఎండ తగలకుండా, మిరప మంట అంటకుండా. అదే నల్లరేగడిలో రెండు తరాల కిందట తాతలు గోచీ పెట్టుకుని, పైన నూలుపోగు లేకుండా అరక దున్నేవాళ్ళు. పనికి ఏది వీలైతే అదే బట్ట. వాళ్ళను చూసి ఊళ్ళో ఎవరూ మొహం తిప్పుకోలేదు. ఆ తాత మనవడు ఇవాళ కాలేజీ హాస్టల్లో నలుగురి ముందు చొక్కా విప్పాలంటే కుంచించుకుపోతున్నాడు. పొట్ట ఉందట, రంగు తక్కువట, ఛాతీ లేదట!

ఈ సిగ్గు అనాదిగా వస్తున్నదని అనుకునేవాళ్ళు అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాలను ఒక్కసారి తీరిగ్గా చూడాలి. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ కంటపడిన ఆ స్తూపం పలకలు ఇప్పుడు చాలావరకు చెన్నై మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. చెన్నైలో ఉన్న ఒక గుండ్రటి పలకలో నాళాగిరి అనే మదపుటేనుగు వీధిలోకి దూసుకొస్తుంది, జనం హడలిపోతారు, మేడ కిటికీల్లోంచి తలలు తొంగిచూస్తాయి. చివరికి ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లుతుంది. ఈ శిల్పాల్లో ఆడా మగా ఒంటి మీద నగలే ఎక్కువ, బట్ట తక్కువ. మొలనూళ్ళు, బరువైన కడియాలు ఉంటాయి, రొమ్ము మీద ఆచ్ఛాదన ఉండదు. అప్పటి జనమంతా అలాగే తిరిగారని శిల్పం చూసి తేల్చలేం. కానీ ఇవి ఎవరో చాటుగా దాచుకున్న బొమ్మలు కావు. భక్తులు ప్రదక్షిణ చేస్తూ చూసినవి. గృహస్థులు, భిక్షుణులు, ఒక చర్మకారుడి కుటుంబం కూడా ఈ స్తూపానికి దానాలిచ్చినట్టు శాసనాలు చెబుతున్నాయి. దేహం కనబడితే భక్తి చెడుతుందని వాళ్ళెవరూ అనుకోలేదు.

ఈ కాలంలోనూ బట్టల్లేకుండా నలుగురూ కలిసి గడపడాన్ని జీవన విధానంగా పెట్టుకున్నవాళ్ళు జర్మనీ లాంటి దేశాల్లో ఉన్నారు. మన దేశంలోనూ 1891లో ఠాణే జిల్లా జడ్జి చార్లెస్ క్రాఫర్డ్ ఇలాంటి సంఘం ఒకటి పెట్టాడు. సభ్యులు ముగ్గురే, అది నిలవలేదు. అలాంటివి మన ఊళ్ళకు నప్పవు, అక్కర్లేదు కూడా. బహిరంగంగా అసభ్యంగా ప్రవర్తించి ఇతరులను ఇబ్బంది పెడితే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద కేసవుతుంది. అయితే నగ్నత్వం, అశ్లీలం ఒకటి కావని 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు, 2023లో మరో కేసులో కేరళ హైకోర్టు స్పష్టం చేశాయి. న్యాయస్థానాలకు అర్థమైన ఈ తేడా ఇంట్లో అద్దం ముందు నిలబడ్డప్పుడు మనకే అర్థం కావడం లేదు. ఒళ్ళు కనబడితే చాలు, తప్పు జరిగిపోయినట్టు చూస్తాం.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, కాయ రంగు చూసి ధర కడతారు. తాలుకాయలు వేరు. మిరపకాయకు అది న్యాయమే. పెళ్ళిచూపుల్లో మనం మనుషులకూ అదే లెక్క వేస్తున్నాం. “పిల్ల ఛాయ తక్కువే గానీ చదువుంది” అన్న మాటలో ఆ ‘గానీ’ ఎంత పని చేస్తుందో ఆ పిల్లకు తెలుసు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బా మీద మాట మారింది, ఇళ్ళల్లో మాట మారలేదు.

ఈ సిగ్గు మనసుతో ఆగదు, ప్రాణం మీదికీ తెస్తుంది. రొమ్ములో గడ్డ తగిలినా, డాక్టరు ముందు రవిక విప్పాలన్న బెరుకుతో నెలల తరబడి దాచుకునే తల్లులున్నారు. 30 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార, నోటి క్యాన్సర్ల పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉన్నాయి. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది. ఎన్ని ఉన్నా, అక్కడిదాకా నడిచి వెళ్ళాల్సింది మనమే.

మరి ఏం చేయాలి? రోజూ స్నానం చేశాక అద్దంలో మిమ్మల్ని మీరు తప్పులెన్నకుండా చూసుకోండి. ఈ కాళ్ళు ఎంత దూరం నడిచాయి, ఈ చేతులు ఎంత పత్తి తీశాయి, ఎన్ని పేజీలు రాశాయి, అది గుర్తు చేసుకోండి. పెళ్ళిళ్ళలో కనబడిన వాళ్ళను “లావయ్యావేంటి, నల్లబడ్డావేంటి” అని పలకరించడం మానేయండి. బాగున్నారా అంటే సరిపోతుంది. పిల్లలకు స్నానం చేయించేటప్పుడు ఏ అవయవాన్నీ ‘ఛీ’ అనకండి. దాని పేరు చెప్పండి, వాళ్ళ అనుమతి లేకుండా ఎవరూ తాకకూడదని కూడా చెప్పండి. ఒంట్లో ఏ తేడా కనిపించినా ఆ వారంలోనే ఆసుపత్రికి వెళ్ళండి.

బట్ట కట్టుకోవడం మర్యాద. కట్టుకున్న ఒంటిని అసహ్యించుకోవడం మాత్రం మర్యాద కాదు, మనకు మనం చేసుకునే అన్యాయం. ఆ అన్యాయాన్ని ఇవాళే ఆపండి, మీ ఇంట్లో పిల్లల కోసమైనా.