పంచకాల విభాగము - ఆత్మపరిశీలనము

శ్రీవైష్ణవ సంప్రదాయమున దినచర్యకు ఒక క్రమము కలదు. పాంచరాత్రాగమము దినమును ఐదు భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క కర్తవ్యమును నిర్దేశించినది. అవి అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము అనునవి. శ్రీ వేదాంతదేశికులు (1268-1369) తమ శ్రీపాంచరాత్రరక్షలో ఈ విషయమును విపులముగా చర్చించిరి.

ప్రాతఃకాలమున భగవత్సన్నిధిని చేరి, ఆనాటి కర్మలన్నియు ఆయన కైంకర్యముగా సాగవలెనని ప్రార్థించుట అభిగమనము. ఆరాధనకు కావలసిన తులసి, పుష్పములు, ధాన్యాది ద్రవ్యములను సమకూర్చుకొనుట ఉపాదానము. భగవదారాధనము ఇజ్య. సద్గ్రంథముల పఠన శ్రవణములు స్వాధ్యాయము. రాత్రివేళ మనస్సును భగవంతునియందు నిలిపి విశ్రమించుట యోగము.

ఉద్యోగ, వ్యాపార, వ్యవసాయములలోనున్న గృహస్థునకు ఈ కాలనియమము యథాతథముగా సాగుట కష్టము. అయినను ఇందలి ఆంతర్యము అతనికి మిక్కిలి అవసరము. ధర్మబద్ధమైన సంపాదనమంతయు ఉపాదానమే యని భావింపవచ్చును. కావున జీవనోపాధి భక్తికి విరోధి కాదు. అదియు దినచర్యలో ఒక భాగమే. అయితే ఆ ఒక్క భాగమే తక్కిన నాలుగింటిని మ్రింగివేయుచున్నది. పూజకు పూలు కోయ తోటకు వెళ్ళినవాడు బుట్ట నిండినను కోయుచునేయుండి, వేళ దాటిన పిదప వాడిన పూలతో ఇల్లు చేరినచో ఏమి ప్రయోజనము? ఎవరికొరకు కోయుచుంటినను స్మరణ తప్పుటయే ఇందలి దోషము.

ఆ స్మరణను నిలుపుకొనుటకు ఆత్మపరిశీలనము సాధనము. రాత్రి ధ్యానమునకు ముందు కొద్దిసేపు మౌనముగా కూర్చుండి మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఉదయము దేనిని ముఖ్యమని సంకల్పించితిని? పగలు నా కాలము నిజముగా దేనికి వ్యయమైనది? ఆ రెంటికిని ఎడము ఎచ్చట ఏర్పడినది? వృద్ధులైన తల్లిదండ్రుల సేవయే తనకు ముఖ్యమని తలచు కుమారుడు, వారితో ఒక్క మాటయైన ఆడక ఆ దినము గడపియుండవచ్చును. పిల్లలకు స్తోత్రములు నేర్పదలచిన తల్లికి ఇంటిపనుల నడుమ తీరికయే దొరకకపోవచ్చును. కాలము లేకపోయెనా, లేక వేరొకదానికి పోయెనా యని నిదానముగా చూచుకొనిన, సత్యము తనంత తానే తెలియును.

తెలిసిన లోపములన్నింటిని ఒక్కనాడే దిద్దుకొనబూనరాదు. ఒక్కదానినే ఎన్నుకొని, మరునాటి అభిగమనవేళ స్వామికి విన్నవించుకొనవలెను. ఇట్లు రాత్రి చింతనము ఉదయ ప్రార్థనతో కలిసి, దినములు ఒకే సూత్రమున కూర్చిన పుష్పములగును. తాళ్లపాక అన్నమాచార్యులు పదునారవ యేట, 1424లో, మొదలిడి 1503 వరకు సంకీర్తనలు రచించిరని రాగిరేకులు తెలుపుచున్నవి. దినమునకు ఒక సంకీర్తనమునకు తక్కువ కాకుండ రచించిరని ప్రతీతి. తప్పని నిత్యనియమమునకు ఇంతకన్న నిదర్శనము వేరొకటి యేల?

ఒక హెచ్చరిక అవసరము. ఆత్మపరిశీలనము ఆత్మనింద కారాదు. 'నేను సాధించితిని' అను గర్వమును, 'నావలన కాదు' అను నిరాశయు, రెండును కర్తృత్వాభిమానము కన్న బిడ్డలే. అందుచేతనే మన పూర్వాచార్యులు కర్తృత్వమును, మమతను, ఫలమును భగవంతునికి సమర్పించు సాత్త్వికత్యాగమును ఉపదేశించిరి. లోపమును దాచక చూచుట మన వంతు; చూచినదానిని స్వామి పాదములచెంత ఉంచి నిద్రించుట శరణాగతుని లక్షణము.

క్షేత్రదర్శనము ఏడాదికి ఒకమారు లభించిన లభించవచ్చును. అభిగమనము మాత్రము ప్రతి ఉదయమును మన గడపలోనే వేచియుండును. నేటి రాత్రి ఆ మూడు ప్రశ్నలు వేసికొనినవానికి రేపటి ఉదయము సార్థకమగును.